సున్న వేరు, లేమి వేరు

డేటాబేస్‌లో భద్రపరచిన సంఖ్య వెబ్ ద్వారా మరో కంప్యూటర్‌కు చేరే దారిలో ఎన్ని చేతులు మారుతుందో, ఆ మార్పుల్లో దాని అర్థం ఎక్కడెక్కడ జారిపోతుందో పరిశీలించడం ఈ ప్రసంగానికి విషయం. వర్షమాపకం చూపిన 37.5 మిల్లీమీటర్లు, గోదాములో మిగిలిన 12 బస్తాలు, పరీక్షలో వచ్చిన 84 మార్కులు వంటి మామూలు సంఖ్యలు ఈ ప్రయాణాన్ని క్షేమంగానే ముగిస్తాయి. చిక్కు వచ్చేది మామూలువి కాని వాటితోనే. కొలత తీసుకోనందువల్ల ఖాళీగా మిగిలిన గడి, లెక్క తెగనందువల్ల పుట్టిన ‘సంఖ్య కానిది’, హద్దు దాటిపోయిన అనంతం, అంకెలు మరీ ఎక్కువైన పూర్ణసంఖ్య, ఇవన్నీ డేటాబేస్ లోపల ఉన్నంతసేపు ఒక అర్థంతో ఉండి, ఏపీఐ గడప దాటగానే మరో అర్థం తొడుక్కుంటాయి. ఏపీఐ అంటే ఒక ప్రోగ్రాం అడిగిన సమాచారాన్ని మరో ప్రోగ్రాం ముందుగా ఒప్పుకున్న పద్ధతిలో అందించే ద్వారం. ఫోన్‌లో వాతావరణం చూసినా, బ్యాంకు ఖాతాలో నిల్వ చూసినా, రైలు ఎంత ఆలస్యంగా నడుస్తోందో చూసినా తెర వెనుక పనిచేసేవి అటువంటి ద్వారాలే.

ప్రత్యేక విలువల పుట్టుక తెలియాలంటే కంప్యూటర్ దశాంశ సంఖ్యలను ఎలా దాచుకుంటుందో కొంత తెలియాలి. ఒకప్పుడు కంప్యూటర్ తయారీ సంస్థలు ఎవరి పద్ధతి వారు పెట్టుకున్నందువల్ల ఒకే లెక్కకు రెండు యంత్రాలు రెండు జవాబులు చెప్పేవి. ఆ గందరగోళాన్ని తొలగించడానికి అమెరికాలోని ఐఈఈఈ సంస్థ 1985లో 754 అనే సంఖ్యతో ఒక ప్రమాణాన్ని వెలువరించింది. దాని రూపకల్పనలో ప్రధాన పాత్ర వహించిన బర్కిలీ ఆచార్యుడు విలియం కహాన్‌కు 1989లో ట్యూరింగ్ పురస్కారం లభించింది. ఆ ప్రమాణం ప్రకారం ‘డబుల్’ అని పిలిచే సంఖ్యకు 64 బిట్లు ఉంటాయి. వాటిలో ఒకటి ధన, ఋణ గుర్తుకు, 11 ఘాతానికి, 52 భిన్నభాగానికి కేటాయించారు. ఘాతానికి చెందిన 11 బిట్లూ ఒకట్లే అయినప్పుడు ఆ 64 బిట్లు మామూలు సంఖ్యను కాక ప్రత్యేక విలువను తెలుపుతాయి. అప్పుడు భిన్నభాగం అంతా సున్నలైతే అది అనంతం, కాకపోతే అది ‘నాన్’. నాన్ అన్నది ‘సంఖ్య కాదు’ అని అర్థమిచ్చే ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలతో ఏర్పడిన పేరు. సున్నను సున్నతో భాగించమన్నా, అనంతం నుంచి అనంతాన్ని తీసివేయమన్నా, ఋణసంఖ్యకు వర్గమూలం అడిగినా యంత్రం ఆగిపోకుండా ఈ నాన్‌ను జవాబుగా ఇచ్చి ముందుకు సాగుతుంది, ఆపైన నాన్‌తో చేసిన కూడికలు, హెచ్చవేతలు కూడా నాన్‌గానే తేలుతాయి. నాన్ తనతో తాను కూడా సమానం కాదన్న నియమం మొదట వింతగా తోచవచ్చు గాని, జవాబు లేని రెండు లెక్కలు ఒకే జవాబు ఇచ్చాయని చెప్పడం అబద్ధమే అవుతుంది కనుక ఆ నియమంలో న్యాయం ఉంది.

సున్నతో భాగించడం గురించిన ఈ తర్జనభర్జన కంప్యూటర్లతో మొదలైంది కాదు. బ్రహ్మగుప్తుడు 628లో రాసిన గ్రంథంలో సున్నను సున్నతో భాగిస్తే సున్న అన్నాడు. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడు సున్నతో భాగించిన సంఖ్య మారకుండా ఉంటుందన్నాడు. 12వ శతాబ్దంలో రెండవ భాస్కరుడు అటువంటి రాశికి ‘ఖహరం’ అని పేరుపెట్టి, దానికి ఎంత కలిపినా ఎంత తీసినా మార్పు ఉండదన్నాడు. వీరిలో మహావీరుడి గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు కనుక తెలుగువారి గణిత వాఙ్మయానికి కూడా ఈ చర్చతో దగ్గరి చుట్టరికమే ఉంది. భాస్కరుడి ఖహరానికీ, ఐఈఈఈ అనంతానికీ ఉన్న పోలిక పైపైది కాదు, ఎందుకంటే రెండింటిలోనూ చేసిన పని ఒకటే: తెగని లెక్కకు ఒక పేరు పెట్టి, ఆ పేరు మీద నియమాలు నిలబెట్టడం.

డేటాబేస్‌లోకి వచ్చేసరికి ఈ కుటుంబంలోకి మరో సభ్యుడు చేరుతాడు, అతని పేరు ‘నల్’. నల్ అంటే విలువ లేదని గాని, తెలియదని గాని అర్థం. అది సున్న కాదు, ఖాళీ అక్షరమాల (అక్షరాల వరుస) కాదు, నాన్ అంతకన్నా కాదు. నాన్ ఒక లెక్క విఫలమైందని చెబుతుంది, నల్ అసలు చెప్పడానికి ఏమీ లేదంటుంది. ఈ తేడా ఎంత దూరం పోతుందో చూడడానికి ఒక చిన్న లెక్క చాలు. నాలుగు వర్షమాపకాల్లో మూడు 12, 8, 10 మిల్లీమీటర్లు చూపాయని, నాలుగోది చెడిపోయిందని అనుకుంటే, నాలుగో గడిలో నల్ ఉన్నప్పుడు డేటాబేస్ దానిని వదిలిపెట్టి మిగిలిన మూడింటి సగటు 10 అని చెబుతుంది. అదే గడిలో సున్న ఉంటే సగటు 7.5 అవుతుంది. నాన్ ఉంటే సగటు కూడా నాన్ అవుతుంది. పాత పద్ధతిలో ‘కొలత లేదు’ అనడానికి గుర్తుగా మైనస్ 9999 రాసి ఉంటే, తెలియని మనిషి తీసిన సగటు మైనస్ 2492.25 వస్తుంది. ఈ చివరి తప్పు కంటికి కనిపిస్తుంది కనుక ఎవరో ఒకరు పట్టుకుంటారు; 7.5 మాత్రం వానాకాలంలో ఏ రోజైనా రాగల సంఖ్య, కనుక దానిని ఎవరూ అనుమానించరు.

డేటాబేస్‌లన్నీ ఈ విలువలను ఒకే తీరుగా చూడవు. పోస్ట్‌గ్రెస్ దశాంశ కాలమ్‌లలో నాన్‌ను, ధన, ఋణ అనంతాలు రెండింటినీ నిలుపుకుంటుంది. ఖచ్చితమైన దశాంశాల కోసం ఉన్న న్యూమెరిక్ రకంలో నాన్ ముందునుంచీ ఉన్నా, అనంతం 2021లో వచ్చిన 14వ వెర్షన్‌తోనే చేరింది. మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఈ విలువలను నిల్వ చేయవు. ఎస్‌క్యూలైట్ నాన్‌ను నల్‌గా మార్చేసి, అనంతాన్ని మాత్రం ఉంచుకుంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో మరో విశేషం ఉంది. వరుసక్రమం పెట్టడం సాధ్యం కావాలి కనుక అది ఐఈఈఈ నియమాన్ని పక్కన పెట్టి, నాన్‌లన్నీ ఒకదానికొకటి సమానమనీ, ప్రతి సంఖ్య కన్నా నాన్ పెద్దదనీ లెక్కిస్తుంది. అందువల్ల అత్యధిక వర్షపాతం నమోదైన పది కేంద్రాలను చూపమని అడిగినప్పుడు జాబితా శిఖరాన కుంభవృష్టి కురిసిన ఊరికి బదులు పరికరం పాడైన ఊరు నిలబడవచ్చు. అవరోహణ క్రమంలో నల్‌లు కూడా ముందే వస్తాయి, అయితే వాటిని చివరికి నెట్టమని చెప్పడానికి ఒక ఆదేశం ఉంది. నాన్‌ల విషయంలో అటువంటి సౌకర్యం లేదు, వాటిని విడిగా వడకట్టవలసిందే.

పోస్ట్‌గ్రెస్‌లో సున్నతో భాగిస్తే నాన్ రాదు, తప్పు సందేశం వచ్చి లెక్క ఆగిపోతుంది. అయినా అందులో నాన్‌లు కనిపిస్తున్నాయంటే అవి సాధారణంగా బయటినుంచి దిగుమతి అయినవే. గణాంక పనుల్లో విస్తృతంగా వాడే పాండాస్ అనే పైథాన్ భాషా గ్రంథాలయం (ఇతర ప్రోగ్రాంలు వాడుకునే సిద్ధ ప్రోగ్రాంల సమాహారం) చాలాకాలంగా దశాంశ కాలమ్‌లో ‘కొలత లేదు’ అనడానికి నాన్‌నే వాడుతోంది. పూర్ణసంఖ్యల కాలమ్‌లో ఒక్క గడి ఖాళీ అయినా కాలమ్ మొత్తాన్ని దశాంశాలుగా మార్చి, 5ను 5.0 చేస్తుంది. అక్కడ సిద్ధమైన పట్టికను డేటాబేస్‌లోకి చొప్పించిన మార్గాన్ని బట్టి లేని కొలత ఒకచోట నల్‌గానూ, మరోచోట నాన్‌గానూ దిగుతుంది, ఆపైన ‘నల్ ఉన్న వరుసలు చూపు’ అని అడిగిన అధికారికి సగం లోపాలే కనిపిస్తాయి. గణాంకశాస్త్రజ్ఞుల భాష అయిన ‘ఆర్’ ఈ విషయంలో ఎక్కువ జాగ్రత్త చూపింది. అది లేని కొలతకు ‘ఎన్‌ఏ’ అని వేరే పేరు పెట్టి, దానిని నాన్ బిట్లలోనే 1954 అనే సంఖ్యను గుర్తుగా దాచి మామూలు నాన్ నుంచి విడదీస్తుంది. ఆ గుర్తు ఆర్ గడప లోపల చెల్లుతుంది, బయట దానిని చదివే వారు లేరు.

ఇక అసలైన ఇరుకు సందు జేసన్. డగ్లస్ క్రాక్‌ఫర్డ్ 2000ల ఆరంభంలో జావాస్క్రిప్ట్ భాషలోని రాత పద్ధతి నుంచి వేరుచేసి ప్రచారంలోకి తెచ్చిన ఈ పాఠ్యరూపం నేడు వెబ్ ఏపీఐలలో అన్నింటికన్నా ఎక్కువగా వాడుకలో ఉంది. మనిషి చదవగలగడం, ఏ భాషలోనైనా సులువుగా విడదీయగలగడం దాని బలాలు. అందులో సంఖ్యకు ఉన్న వ్యాకరణం మరీ చిన్నది: అవసరమైతే ఋణ గుర్తు, అంకెలు, అవసరమైతే దశాంశ బిందువు, అవసరమైతే ఘాతం, అంతే. 2017 డిసెంబరులో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 8259 అనే ప్రమాణపత్రం నాన్, అనంతం వంటి విలువలకు అనుమతి లేదని స్పష్టంగా చెప్పింది. జేసన్ పుట్టిన జావాస్క్రిప్ట్‌లో ఈ విలువలున్నాయి కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే ఆ భాషలో అవి 5, 7 లాగా నేరుగా రాసిన అంకెలు కావు, విలువలకు పెట్టిన పేర్లు. జేసన్ పేర్లను మోసుకుపోదు, ఉన్నదున్నట్టు రాసిన విలువలనే మోస్తుంది. దానికన్నా ముందు రాజ్యమేలిన ఎక్స్ఎంఎల్ స్కీమా ప్రమాణంలో నాన్‌కూ, రెండు అనంతాలకూ అధికారికమైన రాతలు ఉండేవి. సులువు కోసం చేసిన మార్పులో వదులుకున్నవాటిలో ఇదొకటి.

దారి మూసుకుపోయిన చోట ప్రతి ప్రోగ్రామింగ్ భాషా తన తోవ తాను వెతుక్కుంది. జావాస్క్రిప్ట్ నాన్‌ను, అనంతాన్ని చప్పుడు లేకుండా నల్‌గా మార్చి రాస్తుంది. ఋణ గుర్తు ఉన్న సున్నను మామూలు సున్న చేస్తుంది. రస్ట్ భాషలో ప్రసిద్ధమైన సెర్డే జేసన్ గ్రంథాలయం కూడా నల్‌నే ఎంచుకుంది. పైథాన్ ప్రమాణ గ్రంథాలయం ప్రత్యేకంగా వద్దని చెప్పకపోతే నాన్ అన్న అక్షరాలను ఉద్ధరణ చిహ్నాలు లేకుండా అలాగే రాస్తుంది, అందువల్ల బయటికి వచ్చేది జేసన్‌లా కనిపించినా జేసన్ కాదు. గో, రూబీ, పీహెచ్‌పీ భాషలు తప్పు ప్రకటించి రాయడం మానేస్తాయి. పోస్ట్‌గ్రెస్ తన వరుసలను తానే జేసన్‌గా మార్చేటప్పుడు నాన్‌ను ఉద్ధరణ చిహ్నాల మధ్య అక్షరమాలగా పెడుతుంది. ఒకే డేటాబేస్ ముందు రెండు భాషల్లో రెండు సేవలు నడుపుతున్న సంస్థలో ఒకే గడి ఒక ద్వారం నుంచి నల్‌గా, మరో ద్వారం నుంచి విరిగిన పాఠ్యంగా బయటికి రావడం ఇందువల్లనే.

వీటిలో ఏది మేలు, ఏది కీడు అన్న విచారణలో తొందరపాటు తీర్పు పనికిరాదు. తప్పు ప్రకటించి ఆగిపోవడం కఠినంగా కనిపిస్తుంది: పదివేల వరుసలున్న జవాబులో ఒక్క నాన్ ఉన్నందుకు వినియోగదారుకు 500 అనే సర్వర్ వైఫల్య సంకేతం తప్ప మరేమీ అందదు. పైథాన్ పద్ధతిలో సర్వర్ ఏ లోపమూ లేదనుకుంటుంది గాని, అవతల బ్రౌజర్ ఆ పాఠ్యాన్ని చదవలేక మొత్తం జవాబును తిరస్కరిస్తుంది, తెర ఖాళీగా ఉంటుంది, రెండు జట్లూ తప్పు ఎదుటివారిదంటాయి. అయినా ఈ రెండు పద్ధతుల్లోనూ లోపం బయటపడుతుంది. నిజంగా భయపడవలసింది చప్పుడు లేని మార్పుకే. జావాస్క్రిప్ట్ సర్వర్ నాన్‌ను నల్‌గా మార్చి పంపితే, అవతలి జావాస్క్రిప్ట్ ప్రోగ్రాం ఆ నల్‌ను కూడికలో పెట్టినప్పుడు భాషా నియమం ప్రకారం అది సున్నగా లెక్కకు వస్తుంది; నల్‌కు 5 కలిపితే 5 వస్తుంది. ఈ విధంగా విఫలమైన లెక్క లేని విలువగా, లేని విలువ సున్నగా రెండు మెట్లు దిగి, ఎవరి పొరపాటూ లేకుండానే ఎవరూ కొలవని సున్న నివేదికలోకి చేరుతుంది. పరికరం చెడిన ఊళ్లో వాన పడలేదని ఆ నివేదిక చెబుతుంది. కరువు సాయమో, పంటల బీమానో ఆ సంఖ్య మీద ఆధారపడి ఉంటే, ఈ రెండు మెట్లు జారడం ప్రోగ్రామర్ల సాంకేతిక వివాదంగా మిగలదు.

అనంతం జేసన్‌లోకి దొడ్డిదారిన రాగలదన్న సంగతి కూడా గుర్తుంచుకోదగినది. 1 పక్కన 400 సున్నలున్న సంఖ్యను ఘాతరూపంలో రాస్తే అది వ్యాకరణం ప్రకారం చక్కని జేసన్ సంఖ్యే, కాని 64 బిట్ల డబుల్‌లో పట్టే గరిష్ఠ విలువ సుమారు 10కి 308వ ఘాతం దగ్గరే ఆగుతుంది కనుక జావాస్క్రిప్ట్, పైథాన్ దానిని చదివి మారు మాట్లాడకుండా అనంతంగా తీసుకుంటాయి. కాబట్టి బయటికి పంపే ద్వారానికి ఎంత కాపలా ఉందో, లోపలికి తీసుకొనే ద్వారానికి కూడా అంత కాపలా ఉండాలి.

పూర్ణసంఖ్యల కథ వేరు గాని, దాని మూలం కూడా ఆ 64 బిట్లలోనే ఉంది. డేటాబేస్‌లోని పెద్ద పూర్ణసంఖ్య 9223372036854775807 దాకా పోగలదు. డబుల్ మాత్రం 2కు 53వ ఘాతం, అంటే 9007199254740992 దాటిన తరువాత ప్రతి పూర్ణసంఖ్యనూ విడిగా గుర్తించలేదు. చివరి అంకె 2కు బదులు 3గా ఉన్న సంఖ్యను పంపితే బ్రౌజర్ దానిని 2గానే చదువుతుంది, తప్పు జరిగిందని చెప్పదు. ట్విట్టర్ 2010లో తన సందేశాల గుర్తింపు సంఖ్యలను పెద్దవి చేసినప్పుడు ఈ కారణంగానే ప్రతి సంఖ్య పక్కన దాని అక్షరమాల రూపాన్ని కూడా పంపడం మొదలుపెట్టింది. గూగుల్ రూపొందించిన ప్రోటోబఫ్ ప్రమాణం 64 బిట్ల పూర్ణసంఖ్యలను జేసన్‌లో అక్షరమాలలుగానే రాయాలంటుంది. 12 అంకెల ఆధార్ సంఖ్య ఈ హద్దులోపలే ఉంది, అయినా దానిని, ఫోన్ నంబర్‌ను, బ్యాంకు ఖాతా నంబర్‌ను సంఖ్యలుగా పంపడం తగదు. వాటిని ఎవరూ కూడరు, తీసివేయరు, వాటికి సగటు కట్టరు. అవి అంకెలతో రాసిన పేర్లు. పైగా జేసన్ సంఖ్య ముందు అదనపు సున్నను అంగీకరించదు కనుక సున్నతో మొదలయ్యే ఖాతా నంబర్ ఒక అంకె పోగొట్టుకుంటుంది.

పరిష్కారం కోసం కొత్త సిద్ధాంతం అక్కరలేదు, ఇప్పటికే నడుస్తున్న సేవల్లో మంచి నమూనాలు ఉన్నాయి. సర్వర్ల పనితీరును కొలిచే ప్రోమీథియస్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తన కొలతలన్నింటినీ, మామూలు సంఖ్యలతో సహా, ఉద్ధరణ చిహ్నాల మధ్య అక్షరమాలలుగా పంపుతుంది. జేసన్ నాన్‌నూ అనంతాన్నీ మోయలేదు కనుకనే అలా చేస్తున్నామని దాని పత్రాలు సూటిగా చెబుతాయి. ప్రత్యేక విలువ వచ్చినప్పుడు మాత్రమే రకం మారడం కాక, అన్ని వేళలా ఒకే రకం ఉండడం ఇక్కడి సుగుణం. డేటాబేస్ పట్టికలను వెబ్‌లో అందించడానికే పుట్టిన ఓడేటా ప్రమాణం మామూలు సంఖ్యలను సంఖ్యలుగా ఉంచి, మూడు ప్రత్యేక విలువలను మాత్రం నిర్ణీతమైన అక్షరమాలలుగా పంపుతుంది, వినియోగదారు కోరితే పెద్ద పూర్ణసంఖ్యలను, ఖచ్చిత దశాంశాలను కూడా అక్షరమాలలుగా ఇస్తుంది. ఇవి రెండూ నిజాయితీ గల పద్ధతులే, ఎందుకంటే దారిలో ఏదీ పోదు, ఏ రాతకు ఏ అర్థమో ముందే రాసి ఉంటుంది.

ప్రజల కోసం వెలువడే కొలతల విషయంలో ఇంతకన్నా మెరుగైన పద్ధతి ఒకటుంది: విలువను ఒక గడిలోనూ, దాని స్థితిని మరో గడిలోనూ పంపడం. ద్రవ్యనిధి, ప్రపంచ బ్యాంకు వంటి అంతర్జాతీయ సంస్థలు గణాంకాల మార్పిడికి నిలబెట్టిన ఎస్‌డీఎంఎక్స్ ప్రమాణంలో ప్రతి పరిశీలనకూ ఒక స్థితి సంకేతం జోడించవచ్చు; ఆ సంకేతం విలువ మామూలుదా, అంచనా వేసినదా, తాత్కాలికమైనదా, అసలు లేదా అన్నది చెబుతుంది. అమెరికా వాతావరణ సంస్థ నోవా నిర్వహించే ప్రపంచ దైనిక వాతావరణ సంచయంలో లేని కొలతకు మైనస్ 9999 అనే పాత గుర్తే ఉన్నా, ప్రతి విలువ వెంట కొలత తీరును, నాణ్యతను, మూలాన్ని చెప్పే మూడు సంకేతాలు ఉంటాయి. కొలవలేనంత స్వల్పంగా పడిన తుంపరకు అక్కడ విలువ గడిలో సున్న, పక్కన దానికి కేటాయించిన సంకేతం ఉంటాయి కనుక చుక్క పడని రోజూ, నేల తడిసీ తడవని రోజూ ఒకే సున్న కింద కలిసిపోవు. నాన్ అన్నా నల్ అన్నా లేమికి ఒక్కొక్క పేరు మాత్రమే. స్థితి గడి ఆ లేమికి కారణం కూడా చెబుతుంది, రైతుకైనా పరిశోధకుడికైనా కావలసింది ఆ కారణమే.

అయితే ఈ నిర్ణయం ఏపీఐ చివరి గడప దగ్గర తీసుకోవడం ఆలస్యమే అవుతుంది. నాన్ రాకూడని కాలమ్‌లోకి అది రాకుండా పోస్ట్‌గ్రెస్‌లో ఒక్క వాక్యపు షరతుతో ఆపవచ్చు, సున్న కాగల భాజకాన్ని ముందే నల్‌గా మార్చి భాగహారం ఆగిపోకుండా చూడవచ్చు, పైథాన్‌లో నాన్‌ను అనుమతించవద్దని ఒక్క మాట చేర్చి విరిగిన పాఠ్యం బయటికి పోకుండా కాపాడవచ్చు. నల్ రాగల గడులేవో, అక్షరమాలగా వచ్చే సంఖ్యలేవో ఏపీఐ వివరణ పత్రంలో చెప్పడానికి ఓపెన్ ఏపీఐ వంటి ప్రమాణాలు వీలు కల్పిస్తున్నాయి. ఇవన్నీ చేతికి అందే పనిముట్లే, వాడాలన్న పట్టుదలే కావాలి.

వర్షపాతం, జలాశయాల నీటిమట్టం, గాలి నాణ్యత, మార్కెట్ ధరలు వంటి సమాచారాన్ని వెబ్ ద్వారా అందించే సేవలను రూపొందిస్తున్న తెలుగు ఇంజనీర్లు, ప్రభుత్వ శాఖల్లో ఉన్నా ప్రైవేటు సంస్థల్లో ఉన్నా, సేవను ప్రజలకు తెరవకముందు ఒక చిన్న పరీక్ష చేయవలసిందిగా మనవి. పరీక్షా పట్టికలో ఒక మామూలు సంఖ్య, ఒక సున్న, ఒక నల్, ఒక నాన్, ఒక అనంతం, 9007199254740993 అనే పూర్ణసంఖ్య, ఈ ఆరు వరుసలు పెట్టి, తమ ఏపీఐ ద్వారా బయటికి రప్పించి, బ్రౌజర్‌లో ఒకసారి, పైథాన్‌లో ఒకసారి చదివించి, అవతల చేరినవి ఆరు వేర్వేరు విలువలేనా, చివరి సంఖ్య చివరి అంకె ఇంకా మూడుగానే ఉందా అని తమ కళ్లతో తాము చూసుకోవాలి.